కట్ట కట్టని ఆకుకూర

పాలకూర ఏపుగా, నల్లటి పచ్చదనంతో, చేటంత ఆకులతో కనిపిస్తే జనం మురిసిపోతారు. నేను ముఖం తిప్పుకుంటాను. ఇప్పటికీ అంతే. తోపుడు బండి దగ్గర ఎవరైనా అలాంటి కట్టను పైకెత్తి "అబ్బ, ఎంత బాగుందో" అంటే, ఆ మాట అన్న మనిషి మీద కూడా ఒక క్షణం రోత పుడుతుంది. పాపం, ఆ మనిషి చేసిన తప్పేమీ లేదు. తప్పు ఎక్కడిదో నాకు తెలుసు, అందుకే ఆ రోత.

మాది పటాన్‌చెరు దిగువన వాగు ఒడ్డునున్న ఊరు. నా చిన్నప్పుడు ఆ వాగు వానాకాలం పారేది, ఎండాకాలం ఇసుక తేలేది. ఎనభైల్లో ఎగువన ఫ్యాక్టరీలు ఒకదాని పక్కన ఒకటి లేచాక వాగు ఏడాది పొడుగునా పారడం మొదలుపెట్టింది. ఊళ్లో పెద్దలు మొదట సంబరపడ్డారు కూడా. కరువొచ్చినా ఆగని నీళ్లు ఎవరికి చేదు? నీళ్లకు చాయ్ రంగు వచ్చింది. పైన నురగ కట్టింది. కుళ్లిన కోడిగుడ్డులో టించరు కలిపినట్టు ఒక వాసన. పటాన్‌చెరు దాటేటప్పుడు బస్సులో వాళ్లంతా ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకునేవాళ్లు. మా ఊరివాళ్లం పెట్టుకునేవాళ్లం కాదు. అదొక గొప్ప అని నేను చాలా రోజులు అనుకున్నాను.

మా నాన్న పోయాక పొలం అన్న చూసుకునేవాడు. నాకు అప్పటికి పెళ్లి కాలేదు, అన్నా వదినల దగ్గరే ఉండేవాణ్ణి. వాగు కింద వరి వేస్తే తాలు పోయింది. జొన్న మాడిపోయింది. అన్న రెండేళ్లు తల పట్టుకుని తిరిగి, చివరికి ఆకుకూరలు వేశాడు. అవి మాత్రం పెరిగాయి. అలా ఇలా కాదు, చూస్తే భయం వేసేంత. పాలకూర, తోటకూర, కొత్తిమీర. కోస్తే నాలుగు రోజులకు మళ్లీ కోతకు వచ్చేవి. బర్రె మాత్రం వాగు దగ్గరికి తోలుకుపోతే మూతి దింపి, వాసన చూసి, వెనక్కి తిరిగేది. దానికి ఎవరూ తత్వశాస్త్రం చెప్పలేదు.

నాకు చెప్పారు. నేను ఎమ్మే చదివింది తత్వశాస్త్రం. సంగారెడ్డిలో ఒక ప్రైవేటు కాలేజీలో తర్కం, నీతిశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి. పిల్లలు హాజరు కోసం కూర్చునేవాళ్లు. నేను మాత్రం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేవాణ్ణి: "నువ్వు చేసే పని లోకంలో అందరూ చేస్తే నీకు సమ్మతమా? అయితేనే చెయ్యి." పడమటి దేశపు పెద్దాయన ఒకరు చెప్పిన సూత్రాన్ని నా భాషలో కుదించి రాసేవాణ్ణి. రాసి, సుద్దముక్క దులుపుకుని, గొప్ప పని చేసినవాడిలా వాళ్ల వైపు తిరిగేవాణ్ణి. ఆ తిరగడం గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మొదటి పంట వచ్చిన రోజు వదిన పాలకూర పప్పు వండింది. కుండ మూత తీయగానే ఆవిరితో పాటు మందుల దుకాణం వాసన ఇల్లంతా లేచింది. అన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఉమ్మేసి, లేచి, కుండతో సహా తీసుకెళ్లి పెంట మీద పారేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు కారం, పెరుగుతో తిన్నాం. మర్నాడు తెల్లారగానే అన్న అదే మడిలో మిగిలిన పాలకూర కోసి, కట్టలు కట్టి, పటాన్‌చెరు అంగడికి తీసుకెళ్లాడు. ఎవరూ ఏమీ అనలేదు. నేను కూడా అనలేదు. ఆ రోజు కాలేజీకి వెళ్లి ఏ పాఠం చెప్పానో గుర్తు లేదు, కానీ చెప్పే ఉంటాను.

ఆ వారమే అన్న ఇంటి వెనక మెట్ట మీద, మా తాత తవ్వించిన పాత బావి పక్కన, చాప పరిచినంత చోటు తవ్వి మరో మడి చేశాడు. ఆ బావి వాగుకు దూరం, ఎత్తు మీద ఉంది. నీళ్లు తేటగా ఉండేవి. అది ఇంటి మడి. వాగు కిందిది అంగడి మడి. పేర్లు ఎవరూ పెట్టలేదు, వాటంతట అవే వచ్చాయి. మా ఒక్క ఇంటికే కాదు, వాగు వెంట భూమి ఉన్న ప్రతి ఇంటికీ ఇలా రెండు మడులు ఉండేవి. ఎవరి పెరట్లోకి ఎవరు వెళ్లినా ఆ చిన్న మడిని చూడనట్టే మాట్లాడేవాళ్లు.

రెండింటికీ గుర్తు ఒకటే. ఇంటి ఆకుకూరకు కట్ట కట్టరు. వదిన పొద్దున్నే వెళ్లి, కావలసినంత తెంపి, చీర కొంగు ఒడిలో వేసుకుని తెచ్చి చేటలో కుమ్మరించేది. వండుకునేదానికి కట్ట ఎందుకు? అంగడిదానికి మాత్రం మట్టి పోయేలా కడిగి, కాడలు సమంగా పేర్చి, తడిపిన జనపనారతో మూడు చుట్లు చుట్టి కట్టేవాళ్లు. కట్ట కట్టిందంటే అది మా నోట్లోకి వచ్చేది కాదు. ఇది మాకు ఎవరూ నేర్పలేదు, మేమూ ఎవరికీ చెప్పలేదు.

ఇలా తొంభైల మధ్య దాకా గడిచింది. అప్పుడే మా కాలేజీకి ఒక కెమిస్ట్రీ సారు వచ్చారు. కోస్తా వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. సంగారెడ్డిలో కిరాయి ఇంట్లో ఉండేవారు. స్టాఫ్ రూంలో నా మాట వినే ఒకే ఒక్క మనిషి ఆయన. నేను బోర్డు మీద రాసే సూత్రం చదివి, "మాస్టారూ, మీ సబ్జెక్టు పరీక్షకు కాదు, బతుక్కి" అన్నారు. ఆ మాటకు నేను పొంగిపోయాను. పొగడ్తకు పొంగనివాడు తత్వవేత్త అని అంతకు ముందు రోజే క్లాసులో చెప్పి ఉంటాను.

పెళ్లయిన తొమ్మిదేళ్లకు ఆయన భార్య నెల తప్పింది. డాక్టరమ్మ రక్తం తక్కువగా ఉందని, ఆకుకూరలు బాగా తినమని చెప్పింది. సారు ఆ మధ్యాహ్నం నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మాస్టారూ, ఒక సాయం. అంగట్లో ఆకుకూర కొనాలంటే భయంగా ఉంది. అంతా ఆ వాగు నీళ్లతో పండించేదే అంటున్నారు. ఆ నీళ్లలో ఏముంటాయో పిల్లలకు చెప్పేది నేనే కదా. మీది పల్లెటూరు, సొంత పొలం. మీ ఇంట్లో మీరు తినేది నాలుగు రోజులకోసారి గుప్పెడు తెచ్చిపెట్టగలరా?"

"దానికేముంది సార్, తెస్తా."

"మీది వాగు నీళ్లు కాదుగా?"

"మాది బావి నీళ్లు సార్. మా తాత తవ్వించిన బావి."

ఆ వాక్యంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మేము తినేది బావి నీళ్లతో పండిందే. తర్కం చెప్పేవాణ్ణి, నిజమైన వాక్యాలు పేర్చి అబద్ధం ఆడటం నాకు బాగా వచ్చు. మా అంగడి మడి సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అడగనిదానికి జవాబు చెప్పాలని ఏ నీతిశాస్త్రంలో ఉంది? ఇలాంటి ప్రశ్న మనసులోకి వచ్చిందంటేనే అక్కడేదో కుళ్లిందని అర్థం. అది అప్పుడు తెలియలేదు.

వదినకు చెప్పాను. వదిన మంచిది. "కడుపుతోటి ఉన్నామెకు అడిగితె లేదంటమా? తీస్కపో" అంది. సారు పైసలు ఇవ్వబోతే తీసుకోవద్దని నన్ను హెచ్చరించింది. వారానికి రెండుసార్లు ఒడిలో తెంపి తెచ్చిన ఆకును అలాగే గుడ్డ సంచిలో పోసి ఇచ్చేది. పాలకూర, మెంతికూర, ఒకోసారి పొన్నగంటి కూర. నేను సంచిని స్కూటర్ ముందు తగిలించుకుని, ముత్తంగి మీదుగా లారీల దుమ్ములో సంగారెడ్డి వెళ్లి, సారు ఇంట్లో ఇచ్చి కాలేజీకి పోయేవాణ్ణి. ఆ నాలుగు నెలలు నేను మంచివాణ్ణని నాకు గట్టి నమ్మకం.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. మాఘమాసం వచ్చేసరికి పాత బావి అడుగంటింది. బొక్కెన వేస్తే బురద వచ్చేది. ఇంటి మడి ముందు పసుపు తిరిగి, తర్వాత ఎండిపోయింది. వాగు మాత్రం నిండుగా పారుతోంది, దానికి వానతో పనేముంది? మేము ఇంట్లో పప్పు, పచ్చిపులుసు, పచ్చళ్లతో సర్దుకున్నాం. ఒక సోమవారం పొద్దున వదిన సంచి చేతికిచ్చింది. స్కూటర్‌కు తగిలిస్తుంటే లోపల మూడు కట్టలు కనిపించాయి. సమంగా పేర్చిన కాడలు, మూడు చుట్ల జనపనార.

నేను సంచి పట్టుకుని వెనక్కి వచ్చాను.

"వదినా, ఇవి అంగడివి కద?"

"మరేడికెల్లి తేవాలె? మడి ఎండిపాయె, కానొస్తలేదా? నువ్వు మాటిచ్చినవ్. వాళ్లు ఎదురుచూస్తుంటరు."

"ఆమె కడుపుతోటి ఉంది వదినా."

వదిన పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నా ఎదురుగా నిలబడింది. అరవలేదు. నెమ్మదిగానే అంది: "అంగట్ల కొనేటోళ్లల్ల కడుపుతోటి ఉన్నోళ్లు లేరా? దినాం మీ అన్న గంపలు గంపలు అమ్ముతుండు. నువ్వు ఒక్కనాడన్న వద్దన్నవా? మీ సారు పెండ్లామొక్కతేనా మనిషి?"

నా ఎమ్మేలో అన్ని పుస్తకాలు చదివినా నన్ను ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. వదిన నాలుగో తరగతి. నేను బోర్డు మీద రాసిన సూత్రాన్ని తిప్పి నా మొహాన కొట్టింది. ముఖం తెలిసిన మనిషి తింటే విషం, ముఖం తెలియని జనం తింటే వ్యాపారం. అన్నేళ్లుగా నా నీతి అంతా ఈ ఒక్క ముక్క మీద నిలబడి ఉంది. అది నాకు ఆ ఉదయమే తెలిసింది. తెలిసిన తర్వాత నేనేం చేశాను? సంచి స్కూటర్‌కు తగిలించుకుని వెళ్లాను.

దారిలో ఆలోచించాను. అదే నా జబ్బు. ఆలోచించని మనిషి అయితే సంచిని ముత్తంగి దగ్గర మోరీ కాలువలో పారేసేవాడు. నేను మాత్రం స్కూటర్ మీద కూర్చుని ఒక్కో సిద్ధాంతాన్నీ సాయానికి పిలిచాను. కొద్దిగా తింటే ఏమవుతుంది, అంతా మోతాదులో ఉంది. ఇప్పుడు మానేస్తే సారు అంగట్లో కొంటారు, అక్కడా ఇదే దొరుకుతుంది, కాబట్టి నేను ఇచ్చినా ఇవ్వకపోయినా ఫలితం ఒకటే. నిజం చెబితే అన్న పేరు పోతుంది. సొంత అన్నను బజారున పెట్టడం ఏ ధర్మం? అసలు ఆ నీళ్ల వల్లే హాని జరుగుతుందని ఎవరు రుజువు చేశారు? పరీక్ష చేస్తామని ఒకప్పుడు సీసాల్లో నీళ్లు పట్టుకుపోయిన ఆఫీసర్లు మళ్లీ ఊళ్లోకి రానేలేదు. చివరికి నేను పని చేసేవాణ్ణి మాత్రమే, ఫలం నా చేతిలో లేదన్నాను. ఇన్ని మహా వాక్యాలు కలిసి చేసిందల్లా మూడు కట్టల పాలకూరను సంగారెడ్డి చేర్చడం. ఎంగిలి విస్తరికి వెండి అంచు కట్టినట్టు ఉంటుంది నా చదువు.

సారు భార్య గుమ్మంలోకి వచ్చి సంచి అందుకుంది. లోపల చూసి, ముఖం విప్పారి, "చాలా శ్రమ తీసుకుంటున్నారండీ" అంది. నేను నవ్వాను. ఆ నవ్వు ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. గురువారం మళ్లీ కట్టలు, మళ్లీ నవ్వు. అలా తొమ్మిది వారాలు.

ఆ తొమ్మిది వారాలూ పాఠాలు చెబుతూనే ఉన్నాను. ఒక అమ్మాయి లేచి, "సార్, మంచి ఏదో తెలిసి కూడా మనిషి ఎందుకు చెయ్యడు?" అని అడిగింది. దానికి పాత కాలం నుంచి ఉన్న రెండు వాదాలు వివరించి, నోట్సు రాయించాను. అది పరీక్షలో రావచ్చు, అండర్‌లైన్ చేసుకోమన్నాను. స్టాఫ్ రూంలోకి వచ్చి మంచినీళ్లు తాగుతుంటే, నోట్లో నీళ్లు కూడా వాగు వాసన వేశాయి.

ఎండలు ముదిరిన వేళ సారుకు కూతురు పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. ఆ వార్త విని నాకు ఆనందం కాదు, ఊపిరి వచ్చింది. దొంగతనం బయటపడనివాడికి వచ్చే ఊపిరి. అంతకంటే రోత ఏమిటంటే, నా మనసు వెంటనే లెక్క తీసింది: బిడ్డకు ఏమీ కాలేదు కాబట్టి నేను తప్పు చేయలేదు. ఇలాంటి తర్కం పిల్లలు పరీక్షలో రాస్తే సున్నా వేసేవాణ్ణి.

ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేస్తున్నామని సారు స్వయంగా మా ఊరు వచ్చి పిలిచారు. అన్నకు చెయ్యి జోడించి, "మీ చేతి ఆకుకూర తిని పుట్టింది అండీ. మీరు తప్పకుండా రావాలి" అన్నారు. అన్న తల ఊపాడు. ఆయన వెళ్లాక నా వైపు చూడకుండా పెరట్లోకి వెళ్లిపోయాడు. వదినకు పాలు పిండే పని ఉందని, శనివారం మేమిద్దరం స్కూటర్ మీద బయలుదేరాం. వాళ్ల వంటకని అన్న చేతికి వదిన సంచి ఇచ్చింది. లోపల ఏముందో చూడనక్కరలేదు.

ఇంటి ముందు చిన్న షామియానా. తొట్టెలకు కాగితం పూలు. బిడ్డ ఎర్రగా, ముడుచుకున్న పిడికిళ్లతో నిద్రపోతోంది. నేను వంగి చూడలేదు, దూరం నుంచే చూశాను. తర్వాత వరండాలో విస్తర్లు వేశారు. సారు మమ్మల్ని మొదటి వరసలో కూర్చోబెట్టి, తానే వడ్డించడానికి గిన్నె పట్టుకుని వచ్చారు.

"ఇది ప్రత్యేకం. పాలకూర పప్పు. మీ ఇంటిదే, మా ఆవిడ దగ్గరుండి చేయించింది. ముందు మీకే."

విస్తరిలో పప్పు పడింది. ఆవిరి లేచింది. తిరగమోత, వెల్లుల్లి, దాని కింద సన్నగా ఆ మందుల దుకాణం వాసన. పక్కన కూర్చున్నవాళ్లెవరికీ రావడం లేదు. నాకు వచ్చింది. నేను ముద్ద కలపలేదు. అందరూ మా మొదటి ముద్ద కోసం చూస్తున్నారు, సారు గిన్నె పట్టుకుని నవ్వుతూ నిలబడే ఉన్నారు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"సార్, ఇయ్యాల శనివారం. నేను ఒక్కపొద్దు."

"ఒక్కపొద్దు అంటే... ఉపవాసమా? అయ్యో, ముందే చెప్పొద్దా మాస్టారూ! మీ నియమం నాకు తెలియదు. ఏమే, మాస్టారికి పాలూ పండూ తీసుకురా."

నాకు దేవుడూ లేడు, శనివారమూ లేదు. నా విస్తరి తీసేశారు. సారు బంధువుల్లో ఒక పెద్దావిడ "ఈ రోజుల్లో ఇంత నిష్ఠ ఎవరికుంది" అని మెచ్చుకుంది. నేను అరటిపండు తొక్క తీస్తూ పక్కకు చూశాను.

అన్న తింటున్నాడు.

అన్నం కలుపుకుని, తల వంచుకుని, ముద్ద తర్వాత ముద్ద. ఆ రోజు ఒక్క ముద్ద ఉమ్మేసి కుండ పెంట మీద పారేసిన మనిషి. సారు "ఇంకొంచెం?" అంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టలేదు. రెండోసారి వడ్డించినదీ తుడిచి తిన్నాడు. తిని, లేచి, చెయ్యి కడుక్కుని, బిడ్డ దగ్గరికి వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు.

తిరుగు దారిలో ముత్తంగి దాటాక స్కూటర్ ఆపమన్నాడు. రోడ్డు పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాడు. నేను వీపు రాయబోతే నా చెయ్యి తోసేశాడు. నోరు తుడుచుకుని అన్నాడు:

"ఒక్కపొద్దు అంటివి. ఎన్నడన్న ఉన్నవార నువ్వు?"

"నాతోని కాలేదన్నా."

"నాతోని అయితదా? ముంగల పెట్టినంక తినకపోతె వాళ్ల మొకం ఎట్ల చూడాలె? నేనే పండించిన. నేనే తిన్న. నీకు తప్పించుకునే తొవ్వలు శాన తెలుసు తమ్మీ. సదివినోనివి." లేచి, "ఆ తల్లి బిడ్డకు పాలిస్తున్నది. ఆ సారుకు చెప్పు. నాతోని మాట రాదు, నువ్వు చెప్పు" అన్నాడు.

అన్న పుణ్యాత్ముడని చెప్పడం లేదు. ఆదివారం తెల్లారి మళ్లీ గంపలు ఎత్తుకుని అంగడికి పోయాడు. వాంతి చేసుకున్న నోటితోనే "తాజా పాలకూర" అని అరిచి ఉంటాడు. మా ఇంట్లో మంచీ చెడూ ఒకే గిన్నెలో తిన్నాయి. ఏది ఎక్కడ మొదలయిందో విడదీయడం నా వల్ల కాదు.

సోమవారం కాలేజీలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాం. స్టాఫ్ రూంలో మేమిద్దరమే మిగిలినప్పుడు సారు ఎదురుగా కూర్చున్నాను. ఈసారి సిద్ధాంతాలేవీ పిలవలేదు.

"సార్, ఇంక మా ఇంటి ఆకుకూర అమ్మగారికి పెట్టకండి. అది వాగు నీళ్లది."

ఆయన ఎర్ర పెన్ను మూత పెట్టి కింద పెట్టారు. "బావి అన్నారు?"

"బావి మడి వేరే ఉంది సార్, మేము తినడానికి. అది మాఘంలో ఎండిపోయింది. అప్పటి నుంచి ఇచ్చింది అంగడిది."

"మీరు తినేవారా దాన్ని?"

"లేదు సార్. మా ఇంట్లో ఎవ్వరం తినం."

ఆయన తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. "మొన్న శనివారం..." అని ఆగి, తనే తల ఊపుకున్నారు. ఒక్కపొద్దు సంగతి అర్థమైంది. తర్వాత మెల్లగా, నాతో కాదు, ఆ పేపర్లతో అన్నట్టు మాట్లాడారు.

"లాబ్‌లో ఒక్క ఆకు వేసి చూసి ఉండొచ్చు నేను. నాకు ఆ ఊహే రాలేదు. మీ ఇంటిది కదా అని." అప్పుడు నా వైపు తిరిగి అడిగారు. "ఏవి మంచివో, ఏవి కావో నేను ఎలా తెలుసుకోవాలి? మొదట తెచ్చినవీ అవేనా?"

"కాదు సార్. మొదట విడిగా తెచ్చినవి మంచివి. కట్టలు కట్టినవి అంగడివి."

ఆయన ముఖంలో అప్పుడు వచ్చిన మార్పు నేను మరిచిపోలేదు. కోపం కాదు, సిగ్గుపడ్డట్టుంది. నా కోసం ఆయన సిగ్గుపడ్డారు.

"కట్టలు వచ్చిన రోజు మా ఆవిడ చాలా సంతోషపడింది మాస్టారూ. 'ఇన్నాళ్లూ విడిగా పంపేవారు, ఇప్పుడు చూడండి, శుభ్రంగా కడిగి, ఎంత ముద్దుగా కట్టి పంపారో, వాళ్ల వదినగారికి నా మీద ప్రేమ పెరిగింది' అంది. ఆ జనపనార కూడా పారేయలేదు. తొట్టెలకు కాగితం పూలు కట్టింది దాంతోనే."

అంతే. ఆయన పెన్ను మూత తీసి పేపర్లు దిద్దుకోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత నాతో పని ఉంటే తప్ప మాట్లాడలేదు. ఎండాకాలం సెలవుల్లో వాళ్ల వైపు ఏదో కాలేజీలో ఉద్యోగం దొరికి వెళ్లిపోయారు. ఆ బిడ్డ ఎలా ఉందో నాకు తెలియదు. కనుక్కునే హక్కు ఉందనీ అనుకోలేదు.

ఆ సోమవారం సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి అన్నా వదినా వాకిట్లో కూర్చుని మర్నాటి అంగడికి పాలకూర సర్దుతున్నారు. మధ్యలో పెద్ద కుప్ప, పక్కన నీళ్ల బకెట్లో నానేసిన జనపనార. అన్న తల ఎత్తాడు.

"చెప్పినవా?"

"చెప్పిన."

"మంచిగైంది. ఒక ఇల్లు తప్పింది." కుప్పలోంచి ఒక దోసిలి నా ముందుకు తోశాడు. "జెర చెయ్యి వెయ్యి. పొద్దుగూకుతుంది."

అప్పుడు నేను అడగవలసిన ప్రశ్న ఒకటే ఉంది: మిగతా ఇళ్ల సంగతి ఏమిటి? అది నేను బోర్డు మీద వందసార్లు రాసిన ప్రశ్నే. వదిన నా ముఖం వైపు చూసింది, అడుగుతానేమోనని. నిజంగానే ఎదురుచూసిందనుకుంటాను.

నేను చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నాను. కాడలు సమంగా పేర్చి, నార తీసి, మూడు చుట్లు చుట్టాను. నా కట్టలు ఎప్పుడూ వదులుగా వచ్చేవి. ఆ రోజు మాత్రం వదిన కట్టినంత ముద్దుగా వచ్చాయి.